దెయ్యం బొమ్మతో ఇంగ్లీషు వస్తుందా?

మన పల్లెల్లో పదో తరగతి పాసైన పిల్లవాడిని పాఠ్యపుస్తకంలోని ఇంగ్లీషు వ్యాసం ఒప్పజెప్పమంటే గుక్క తిప్పుకోకుండా ఒప్పజెబుతాడు. “తలుపు కిర్రుమంటోంది, కుక్క మొరుగుతోంది, లోపల ఎవరో ఉన్నారు” అన్న మూడు ముక్కలు ఇంగ్లీషులో చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. పదేళ్లు ఒక భాష చదివి, ఇంట్లో వాడుకునే నాలుగు మాటలు చెప్పలేకపోవటం ఆ పిల్లవాడి తప్పు కాదు. మనం నేర్పే తీరులోనే లోపమున్నది.

ఇటీవలి సంవత్సరాల్లో ఈ లోపాన్ని పూడ్చే ప్రయత్నం ఎవరూ ఊహించని చోటి నుంచి వచ్చింది. సెల్‌ఫోనులో యూట్యూబు తెరిస్తే, భయానక చిత్రాల కథను తీసుకొని అందులోని మాటలను ఒక్కొక్కటిగా విడమరచి చెప్పే ఇంగ్లీషు పాఠాలు కనిపిస్తున్నాయి. పాశ్చాత్య దేశాల్లో అక్టోబరు 31న జరుపుకునే హాలోవీన్ పండుగ దగ్గర పడితే ఇవి మరీ ఎక్కువ. “చదువు మాని దెయ్యాల బొమ్మలు చూస్తున్నారు” అని తలిదండ్రులు మొత్తుకుంటున్నారు. “వీటితోనే నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తున్నాయి” అని పిల్లలు అంటున్నారు. ఇరువురి మాటలోనూ నిజమున్నది. కనుక ఈ విషయాన్ని నవ్వి కొట్టిపారేయకుండా నిదానంగా ఆలోచించవలసి ఉన్నది.

చదువు మారింది, మాట మారలేదు

ఇంగ్లీషు మాకెందుకు అని గ్రామస్తులు అనుకునే రోజులు పోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం కోసం 2019 నవంబరులో ఉత్తర్వులు వెలువడగా, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. దానిపై పెద్ద చర్చే జరిగింది. తెలంగాణలో 2022-23 విద్యా సంవత్సరం నుంచి 1 నుంచి 8 తరగతుల వరకు ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. ఏ మాధ్యమం మంచిదన్న తగవు ఇక్కడ అక్కరలేదు. మాధ్యమం మారినంత మాత్రాన మాట రాదన్నదే ఇక్కడి విషయం. పాఠం ఇంగ్లీషులో అచ్చయినా, బడి వదిలిన తరువాత ఆ పిల్లవాడికి ఇంగ్లీషు మాట వినపడే చోటు ఊళ్లో లేదు. పట్నం పిల్లలకు ఇంట్లోనో, పక్కింట్లోనో ఆ మాట వినిపిస్తుంది. పల్లె పిల్లలకు వినిపించే చోటు ఫోను ఒక్కటే. కాబట్టి ఆ ఫోనులో ఏం వింటున్నారన్నది పట్టించుకోదగ్గ విషయమే.

భయం రెండు రకాలు

ఇంగ్లీషు పాఠమంటే పిల్లలకు ఒక భయమున్నది. లేచి నిలబడి చదవమంటారని, తప్పు పలికితే తోటివారు నవ్వుతారని, బెత్తం దెబ్బ పడుతుందని. ఈ భయం నాలుకను కట్టేస్తుంది. అమెరికాకు చెందిన భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ 1980ల్లో ఈ సంగతినే వివరించాడు. మనసులో బెదురు, సిగ్గు ఉన్నప్పుడు విన్న మాట లోపలికి దిగదని, మధ్యలో ఒక జల్లెడ అడ్డుపడినట్లవుతుందని ఆయన సిద్ధాంతం.

దెయ్యం బొమ్మ చూసేటప్పటి భయం వేరు. అది తెర మీద ఉంటుంది, మన మీదికి రాదు. “తరువాత ఏమవుతుందో” అన్న ఆత్రుత కళ్లను, చెవులను కదలనివ్వదు. మనసు కదిలిన సమయంలో చూసినవి, విన్నవి మామూలు సంగతుల కంటే బాగా గుర్తుంటాయని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ మెక్‌గా వంటి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశోధించి చూపారు. బెత్తం భయం మాటను మరపిస్తుంది. కథలోని భయం మాటను పట్టి ఉంచుతుంది. ఈ తేడా ఉపాధ్యాయులు గమనించదగ్గది.

ఇది మనకు కొత్త కూడా కాదు. వాకిట్లో మంచం మీద అమ్మమ్మ చెప్పిన చింతచెట్టు దెయ్యం కథ వినని తెలుగు పిల్లలు తక్కువ. 1947లో మొదలైన చందమామ పత్రికలో బేతాళ కథలు కూడబలుక్కొని చదివి, తెలుగు చదవటం గట్టిపరచుకున్న తరం మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నది. శ్మశానం, శవం, చెట్టుకొమ్మ అన్నీ అందులో ఉన్నాయి. ఎవరూ చెడిపోలేదు. కథలోని భయం మన తెలుగుకు ఉపయోగపడినప్పుడు, ఇంగ్లీషుకు ఉపయోగపడదని అనలేము.

సినిమా వేరు, సినిమా గురించిన పాఠం వేరు

ఐతే ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. దెయ్యం సినిమా చూస్తే ఇంగ్లీషు వస్తుందనుకోవటం పొరపాటు. ఆ సినిమాల్లో మాటలు తక్కువ, కేకలు ఎక్కువ. 2018లో వచ్చిన “ఎ క్వైట్ ప్లేస్” అన్న చిత్రంలో కుటుంబమంతా చప్పుడు చేయకుండా బతకాలి. అందువల్ల చాలాభాగం సైగల భాషలోనే నడుస్తుంది. అది మంచి చిత్రమే, కానీ ఇంగ్లీషు వినటానికి పనికిరాదు. తక్కిన చిత్రాల్లోనూ పాత్రలు గుసగుసలాడతాయి, లేదా అరుస్తాయి. కొత్తవారికి ఒక్క ముక్క అందదు.

సినిమా గురించి చెప్పే వీడియో అలా కాదు. ఒక మనిషి కథను నిదానంగా, వరుసగా చెబుతాడు. చెప్పే మాటకు సరిపడా బొమ్మ తెర మీద కదులుతుంది. మాట అర్థం కాకపోయినా బొమ్మ అర్థం చెబుతుంది. పైగా ఇంగ్లీషులో సినిమా కథ చెప్పేటప్పుడు జరిగిపోయినట్లు కాక జరుగుతున్నట్లు చెప్పటం వాడుక. “ఆమె తలుపు తెరుస్తుంది, గడియారం ఆగుతుంది, కుక్క లోపలికి రానంటుంది” అన్నట్లు సాగుతుంది. అందువల్ల క్రియకు చివర “స్” చేర్చే సామాన్య వర్తమాన కాలం పదేపదే చెవిన పడుతుంది. మన పిల్లలు పరీక్షలో ఎక్కువగా తప్పు చేసేది సరిగ్గా అక్కడే.

ఒక్క చిత్రాన్ని ఉదాహరణకు తీసుకుందాం. 2013లో జేమ్స్ వాన్ తీసిన “ది కంజూరింగ్” కథ 1971లో, అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఒక పాత పొలం ఇంట్లో జరుగుతుంది. ఐదుగురు ఆడపిల్లలున్న కుటుంబం ఆ ఇంటికి కాపురానికి వస్తుంది. కుక్క గడప తొక్కనంటుంది. గడియారాలన్నీ తెల్లవారుజామున 3 గంటల 7 నిమిషాలకు ఆగిపోతాయి. పిల్లలు చప్పట్లు కొడుతూ దాగుడుమూతలాడతారు. చెక్కలు కొట్టి మూసేసిన నేలమాళిగ ఒకటి బయటపడుతుంది. తల్లి నిద్ర లేచేసరికి ఒంటి మీద కమిలిన మచ్చలుంటాయి.

ఈ నాలుగు ముక్కల కథలో వచ్చే ఇంగ్లీషు మాటలు చూడండి. కొత్త ఇంట్లో దిగటం “మూవ్ ఇన్”. రానని మొండికేయటం “రిఫ్యూజ్”. మొరగటం “బార్క్”. దాక్కోవటం “హైడ్”. చప్పట్లు “క్లాప్”. నేలమాళిగ “సెల్లార్”. ధాన్యం, గడ్డి వేసుకునే కొట్టం “బార్న్”. కమిలిన దెబ్బ “బ్రూజ్”. వీటిలో దెయ్యానికే పరిమితమైన మాట ఒక్కటీ లేదు. ఇల్లు అద్దెకు తీసుకున్నా, ఆసుపత్రిలో దెబ్బ చూపించుకున్నా, పొలం గురించి చెప్పుకున్నా అక్కరకు వచ్చే మాటలే.

పాఠ్యపుస్తకంలో దొరకని మాటలు

తెలుగులో చప్పుళ్లకు కొదువ లేదు. కిర్రు, కెవ్వు, దబదబ, గుసగుస, మూలుగు అని మనం రోజుకు పది సార్లు అంటాము. వీటి ఇంగ్లీషు మాటలు బడి పుస్తకంలో అరుదు. భయానక కథ చప్పుళ్ల మీదే నడుస్తుంది కాబట్టి అవన్నీ అక్కడ దొరుకుతాయి. తలుపు కిర్రుమంటే “క్రీక్”, కెవ్వుమంటే “స్క్రీమ్”, గుసగుస “విస్పర్”, మూలిగితే “గ్రోన్”, దబాలున కొడితే “బ్యాంగ్”. ఇంటి భాగాలూ అంతే. మెట్లు “స్టెయిర్స్”, తలుపు పిడి “హ్యాండిల్”, ఇంటి కప్పు కింది అటక “అటిక్”. అటక, అటిక్ ఒకేలా ఉన్నాయని చుట్టరికం కలపనక్కరలేదు. ఇంగ్లీషు మాట గ్రీకు దేశంలోని ఆటికా ప్రాంతం పేరు మీద వచ్చింది. పోలిక కాకతాళీయమే అయినా గుర్తుపెట్టుకోవటానికి బాగుంటుంది.

1975లో స్పీల్‌బర్గ్ తీసిన సొరచేప చిత్రం పేరు “జాస్”. ఆ మాటకు అర్థం దవడలు. పంటి డాక్టరు దగ్గరకు వెళ్లినవారికి వినిపించే మాటే ఇది. బావిలో నుంచి దెయ్యం వచ్చే “ది రింగ్” అమెరికా చిత్రం 2002లో వచ్చింది. బావిని “వెల్” అంటారు. “బాగా” అనటానికీ అదే మాట. ఇక పిల్లలు ఇంట్లో పిలిచే “మమ్మీ” అన్న మాటకు, ఈజిప్టులో వేల ఏళ్లుగా భద్రపరచిన శవం అనీ అర్థమున్నది. అమ్మ అని పిలవమని పెద్దలు చెప్పే పాత హాస్యానికి మూలం ఇదే.

అన్నిటికీ మించి ఈ వీడియోలు ఒక తప్పును దిద్దుతాయి. మన పిల్లలు చాలామంది “నాకు భయంగా ఉంది” అనటానికి “ఐ యామ్ స్కేరీ” అంటారు. దాని అర్థం “నేను భయం పుట్టించేవాణ్ణి” అని. అనవలసింది “ఐ యామ్ స్కేర్డ్”. అలాగే విసుగు పుట్టిందనటానికి “ఐ యామ్ బోరింగ్” అంటే, “నేను విసుగు పుట్టించే మనిషిని” అని మనమే చెప్పుకున్నట్లవుతుంది. ఉద్యోగానికి వెళ్లిన చోట ఈ ముక్క అంటే ఎంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు. తెలుగులో భయం మనకు “వేస్తుంది”, విసుగు మనకు “పుడుతుంది”. ఇంగ్లీషులో భయపడ్డవాడు ఒక మాట, భయపెట్టేది ఇంకొక మాట. ఈ తేడా వ్యాకరణ సూత్రంగా చెబితే సాయంత్రానికి మరచిపోతారు. తలుపు సందు నుంచి చూసే పిల్ల “స్కేర్డ్”, తలుపు వెనుక ఉన్నది “స్కేరీ” అని ఒక్కసారి చూస్తే మరచిపోరు.

పురుగుమందు డబ్బా మీది మాటలు

ఇక అసలు విషయానికి వద్దాం. భయానికి సంబంధించిన ఇంగ్లీషు మాటలు సరదా కోసం కాదు. మన రైతు చేతిలోని పురుగుమందు డబ్బా మీద ఉన్నవి ఆ మాటలే. 1971 నాటి కీటకనాశనుల నిబంధనల ప్రకారం ప్రతి డబ్బా మీద రంగు త్రికోణం ముద్రించాలి. ఎర్ర రంగుంటే అత్యంత విషపూరితం. దాని మీద పుర్రె, ఎముకల గుర్తుతో పాటు “పాయిజన్” అని ఉంటుంది. పసుపు రంగుంటే అంతకు కొంచెం తక్కువ, అక్కడా “పాయిజన్” అనే ఉంటుంది. నీలం మీద “డేంజర్”, ఆకుపచ్చ మీద “కాషన్”. కాషన్ అంటే జాగ్రత్త. ఆకుపచ్చ రంగు చూసి “ఇది మంచిదే, ఏమీ కాదు” అనుకునేవారున్నారు. ఆకుపచ్చ అంటే విషం లేదని కాదు, తక్కువని మాత్రమే.

పిల్లలకు అందకుండా ఉంచమన్న మాట కూడా ఆ డబ్బా మీదనే ఉంటుంది. “ఇఫ్ స్వాలోడ్” అంటే మింగినట్లయితే అని. “సింప్టమ్స్” అంటే లక్షణాలు. దెయ్యం కథల్లో రాకాసి “స్వాలో” చేస్తుంది, విషం తాగిన పాత్రకు “సింప్టమ్స్” కనిపిస్తాయి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి “డేంజర్”, బస్సులో “ఎమర్జెన్సీ ఎగ్జిట్”, కుక్క ఉన్న గేటు మీద “బివేర్” కూడా ఈ కోవలోవే. డబ్బాతో పాటు తెలుగులో కాగితం వచ్చినా, చేలో మందు కలిపే సమయానికి ఆ కాగితం ఎక్కడుంటుందో అందరికీ తెలిసిందే. ఇంట్లో ఒక పిల్లవాడైనా ఆ డబ్బా మీది నాలుగు ముక్కలు చదివి తండ్రికి చెప్పగలిగితే ఆ చదువు సార్థకమైనట్లే. దెయ్యం బొమ్మతో నేర్చినా సరే, ఆ మాటలు రావలసిందే.

జాగ్రత్తలు లేకపోతే నష్టమే

ఇంత చెప్పినా, ఈ పద్ధతికి చెడు వైపు లేదనటం లేదు. మొదటిది మూఢనమ్మకం. బాణామతి, చేతబడి అన్న అనుమానంతో మనుషులను కొట్టటం, చంపటం మన రాష్ట్రాల్లో నేటికీ వార్తలకెక్కుతున్నది. అటువంటి నేలలో దెయ్యాల కథను నిజమని నమ్మే పిల్లవాడు పెరిగితే ప్రమాదమే. “కంజూరింగ్” చిత్రాన్ని నిజంగా జరిగిన కథ అని ప్రచారం చేశారు. ఆ కథకు ఆధారమైన వారెన్ దంపతుల మాటలను హేతువాదులు తోసిపుచ్చారన్న సంగతి ప్రచారంలో ఉండదు. కనుక ఇది నటన, రంగు పూత, చప్పుళ్ల మాయ అని పక్కన కూర్చుని చెప్పే పెద్దవారుండాలి.

రెండవది వయస్సు. అన్ని భయానక చిత్రాలూ పిల్లల కోసం తీసినవి కావు. సెన్సారు బోర్డు ఇచ్చే సర్టిఫికెట్లలో 2023 చట్ట సవరణ తరువాత 7, 13, 16 ఏళ్లు అని మూడు మెట్లు వచ్చాయి. “ఎ” అన్న గుర్తుంటే పెద్దవారికి మాత్రమే. నెత్తురు పారించే చిత్రాల గురించిన వీడియో కూడా చిన్నపిల్లలకు తగదు. రాత్రి పడుకునే ముందు చూపించటం అసలే తగదు. పిల్ల నిద్రలో ఉలిక్కిపడితే ఆ పాఠం అక్కడితో ఆపెయ్యాలి.

మూడవది కాలహరణం. ఒక వీడియో అయ్యేసరికి ఫోను ఇంకొకటి చూపిస్తుంది. పది నిమిషాల పాఠం రెండు గంటల కాలక్షేపంగా మారటానికి ఎంతోసేపు పట్టదు. చూసినంతసేపు చదివినట్లే అనుకోవటం తమను తాము మోసగించుకోవటమే.

ఎలా చూస్తే ఫలితం

కింద తెలుగు అక్షరాలు పెట్టుకుని చూస్తే కథ తెలుస్తుంది, ఇంగ్లీషు రాదు. ఇది ఊహించి చెప్పే మాట కాదు. 2009లో నెదర్లాండ్స్‌లో మిట్టరర్, మెక్వీన్ అన్న పరిశోధకులు డచ్చి విద్యార్థులకు కొత్త యాసల్లోని ఇంగ్లీషు కార్యక్రమాలు చూపించారు. కింద ఇంగ్లీషు అక్షరాలు చూసినవారికి ఆ యాస బాగా అందింది. సొంత భాష అక్షరాలు చూసినవారికి ఆ మేలు కలగలేదు. మన దేశంలో అహ్మదాబాదు ఐఐఎంలో పనిచేసిన బ్రిజ్ కొఠారి 1996 నుంచి చెబుతున్నదీ ఇటువంటిదే. సినిమా పాటకు అదే భాషలో కింద అక్షరాలు వేస్తే చదవటం మెరుగుపడుతుందని ఆయన దూరదర్శన్‌లో వేయించి చూపారు. చెవికి వినిపించే మాటే కంటికీ కనిపించాలన్నది ఇందులోని సూక్ష్మం.

కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకోవాలి. వేగం తగ్గించే సౌకర్యం యూట్యూబులోనే ఉన్నది, దాన్ని వాడాలి. ఒక వీడియోను మొదట ఊరికే చూడాలి. రెండవసారి ఐదే ఐదు మాటలు నోటుబుక్కులో రాసుకోవాలి. ప్రతి మాటకు తెలుగు అర్థంతో పాటు తన ఇంటి గురించి ఒక వాక్యం రాయాలి. “మా దొడ్డి తలుపు క్రీక్ అంటుంది” అన్నదాన్ని పూర్తి ఇంగ్లీషు వాక్యంగా రాస్తే ఆ మాట సొంతమైనట్లే. మూడవసారి ఫోను పక్కన పెట్టి కథను తమ్ముడికో చెల్లెలికో ఐదు వాక్యాల్లో చెప్పాలి. తప్పులొస్తే రానివ్వండి. నవ్వకుండా వినటమే ఇంట్లోవారు చేయవలసిన సాయం. భయం కథలు గిట్టనివారికి బీబీసీ వారి ఆరు నిమిషాల ఇంగ్లీషు పాఠాలున్నాయి. ఇద్దరు మనుషులు ఏదో ఒక విషయం మాట్లాడుకుంటూ ఆరు మాటలు నేర్పుతారు. పద్ధతి అదే, దెయ్యం మాత్రం ఉండదు.

బడి కూడా చేయి కలపాలి

ఇంట్లో ఇంటర్నెట్టుకు డబ్బు పెట్టలేని పేద పిల్లల సంగతి మరువరాదు. ఒక ఇంట్లో ఒకే ఫోను, అది నాన్న జేబులో పొలానికి పోతుంది. కాగా చాలా ఉన్నత పాఠశాలల్లో నేడు పెద్ద తెరలున్నాయి. వారానికి ఒక్క గంట, వయస్సుకు తగిన ఒక కథను ఇంగ్లీషు ఉపాధ్యాయులు ముందుగా తాము చూసి ఎంపిక చేసి, ఆ తెర మీద చూపించి, మాటలు రాయించవచ్చు. చివర ఐదు నిమిషాలు సైన్సు ఉపాధ్యాయులు “ఈ దెయ్యాన్ని ఎలా తీశారు” అని చెబితే మూఢనమ్మకానికి మందు వేసినట్లవుతుంది. దీనికి కొత్త నిధులు అక్కరలేదు, ఉన్న తెరను వాడాలన్న పట్టుదల చాలు. ప్రధానోపాధ్యాయులు, విద్యాశాఖ అధికారులు ఈ దిశగా ఆలోచించటం అవసరం.

తలిదండ్రులకు ఒక విన్నపం. పిల్లవాడి చేతిలో దెయ్యం బొమ్మ కనబడగానే ఫోను లాక్కోవద్దు. “ఇవాళ ఏ ఐదు మాటలు నేర్చావురా?” అని అడగండి. చెప్పగలిగితే అది చదువే. చెప్పలేకపోతే అది కాలక్షేపమే, అప్పుడు ఫోను తీసుకోండి. తరువాత ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బా దూరం నుంచి చూపించి, దాని మీద ఏం రాసి ఉందో చదవమనండి. ఆ పరీక్షలో పాసైన పిల్లవాడు ఏ పరీక్షకూ బెదరడు.